యాభై దాటినవాళ్ల పంక్ యాత్ర: పుణెలో దోపిడీ, లోయర్ పరేల్‌లో మర్యాద

పుణెలో ముగ్గురం కలిసి 6,897 రూపాయలు వదిలించుకుని నలభై నిమిషాల పాట విని బయటికొచ్చాం. మర్నాడు ముంబైలో 1,497 రూపాయలకు మూడు బ్యాండ్‌లు విన్నాం, పైగా కూర్చోమని స్టూల్ ఇచ్చారు. మా వయసులో లైవ్ గిగ్‌కి, అంటే బ్యాండ్ కళ్లముందు వాయించే కచేరీకి, వెళ్లాలనుకునేవాళ్లు ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని ఇది రాస్తున్నాను. పుణె మీద కోపం ఇంకా చల్లారలేదు, అది కూడా చెప్పేస్తున్నాను.

మాది సోలాపూర్, పూర్వభాగం. వీధికో మగ్గాల షెడ్డు, ఇంటింటా తెలుగు ఉండే పేటలు. వెళ్లింది ముగ్గురం: నేను, టవళ్ల వ్యాపారం చేసే మా బావ, పవర్‌లూమ్‌లో జాబర్‌గా, అంటే మగ్గాలు సరిచేసే పనివాడిగా, చేసి పని మానేసిన ఒక పెద్దాయన. ఆయన నాకు చుట్టం కాదు, కానీ వీధిలో అందరికీ జాబర్ అన్నే. అరవైకి దగ్గరలో ఉన్నాడు. నాకూ బావకూ పంక్, అంటే వేగంగా, మోతగా వాయించే రాక్ సంగీతం, దాని పిచ్చి పుణెలో చదువుకునే రోజుల్లో కాపీ క్యాసెట్ల వల్ల పట్టింది. రమోన్స్, క్లాష్ లాంటి బ్యాండ్‌లు, దొరికిందల్లా విన్నాం. సెలవులకు ఇంటికొచ్చి టేప్ పెడితే జాబర్ అన్న తలుపు దగ్గరే నిలబడిపోయి, "ఇది మన షెడ్డు మోతలెక్కనే ఉందిరా" అన్నాడు. ఇంగ్లిష్ ముక్క రాదు, అయినా ఆ రోజు నుంచి మాకంటే ఎక్కువ అభిమాని ఆయనే.

పుణెకి హుతాత్మా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. టైముకు బయలుదేరింది, టైముకు దిగాం. స్టేషన్ దగ్గర లాడ్జిలో ముగ్గురికి 1,600, గది శుభ్రంగా ఉంది. మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చుకున్న కడక్ భాకరీ (గట్టి జొన్న రొట్టె), శేంగా చట్నీ (పల్లీల పొడి)తో గడిచిపోయింది.

సాయంత్రం వెళ్లిన పబ్బు ఐటీ ఆఫీసుల మధ్య కొత్తగా కట్టిన ఓ బిల్డింగ్ పైఅంతస్తులో ఉంది. టికెట్లు ఆన్‌లైన్‌లో మనిషికి 799 చొప్పున ముందే కొన్నాం. బౌన్సర్ ఆ టికెట్లు చూడనే లేదు. మా ముఖాలు చూసి, "కాకా, పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చారా? ఆ పక్కన నిలబడండి" అన్నాడు. ఫోన్‌లో టికెట్లు చూపిస్తే మాట మార్చాడు. స్టాగ్ ఎంట్రీ లేదట, ఆడవాళ్ల తోడు లేని మగవాళ్లను పంపరట, జంటగా రావాలట. మా వెనకున్న కాలేజీ కుర్రాళ్లకూ అదే చెప్పాడు. వాళ్లు ఎవరికో ఫోన్ చేసి అమ్మాయిల్ని పిలిపించుకుని లోపలికి వెళ్లిపోయారు. మేం ఎవర్ని పిలవాలి? మా చెల్లెలు, అంటే బావ భార్య, సోలాపూర్‌లో ఉంది. జాబర్ అన్న భార్య పోయి చాలా కాలమైంది.

"తమ్ముడూ, డబ్బులు తీసుకున్నాక రానీయకపోవడమేంది?" అని జాబర్ అన్న నన్నే అడుగుతున్నాడు. నా దగ్గర జవాబు లేదు. పది నిమిషాలు వాదించాక మేనేజర్ వచ్చాడు. మనిషికి 1,500 కవర్ కడితే పంపిస్తాడట, ఆ డబ్బుకు లోపల తినొచ్చు, తాగొచ్చు అన్నాడు. అంటే అసలు అడ్డం జంట లేకపోవడం కాదన్నమాట. టికెట్ పేజీలో కవర్ గురించి ఒక్క ముక్క లేదు. బావ వ్యాపారస్తుడు కాబట్టి ఆ పేజీని అక్కడికక్కడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాడు. నాలుగు గంటలు రైల్లో కూర్చుని వచ్చింది ఈ బ్యాండ్ కోసమే కదా అని 4,500 కట్టాం.

లోపల స్టేజీ ముందు వరసలన్నీ రిజర్వ్ చేసిన టేబుళ్లు. వాటి దగ్గర కూర్చున్నవాళ్లలో సగం మంది స్టేజీకి వీపు పెట్టి భోజనం చేస్తున్నారు. మమ్మల్ని కిచెన్ తలుపు పక్కన నిలబెట్టారు. తలుపు తెరిచినప్పుడల్లా గిన్నెల చప్పుడు, డ్రమ్స్ కంటే అదే ముందు వినిపిస్తుంది. పాపం బ్యాండ్ కుర్రాళ్లు మాత్రం ప్రాణం పెట్టి వాయించారు. ఎనిమిదీ యాభైకి ఎక్కారు, తొమ్మిదిన్నరకి డీజే టైమ్ అని మైక్ కట్ చేశారు. ఇంకా నాలుగు పాటలున్నాయని పాడే అబ్బాయి చేత్తో సైగ చేసి చూపిస్తున్నాడు. మాకు జరిగిన అవమానం కన్నా అది చూసి నాకు ఎక్కువ బాధేసింది.

కవర్ డబ్బు వదిలిపెట్టడం ఇష్టం లేక తిండి ఆర్డర్ చేశాం. బీరు 550, లైమ్ సోడా 280, పనీర్ టిక్కా 625, పల్లీల మసాలా 295. పల్లీలు పండే ఊరినుంచి వచ్చినవాళ్లం, ఆ ప్లేటు చూసి జాబర్ అన్న ముట్టుకోలేదు. చివరికి బిల్లు 4,480 దాకా తెచ్చాం, దాని పైన 410 సర్వీస్ ఛార్జ్ వేశారు. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. సర్వీస్ ఛార్జ్‌ను బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. అది కట్టాలా వద్దా అన్నది మన ఇష్టం. ఈ మాట చెప్పి, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ కలుపుతున్నానని అనగానే తీసేశారు. గొంతు పెంచక్కర్లేదు, నంబర్ తెలిస్తే చాలు.

నా అభిప్రాయం ఒకటే. పంక్ వాయించే చోటు ఎలాంటిదో సౌండ్ సిస్టమ్ కంటే ముందు గేటు దగ్గరే తెలిసిపోతుంది. న్యూయార్క్‌లో సీబీజీబీ అనే క్లబ్బు 1973 నుంచి 2006 దాకా నడిచింది. అక్కడి టాయిలెట్లు ఎంత ఘోరమో ప్రపంచమంతా చెప్పుకుంది. కానీ సొంత పాటలు ఉంటే చాలు, ఎవరికీ తెలియని బ్యాండ్‌నైనా స్టేజీ ఎక్కనిచ్చారు. రమోన్స్ 1974లో అక్కడే ఎక్కారు. కాలిఫోర్నియాలో బర్క్లీలోని గిల్మన్ స్ట్రీట్ క్లబ్బు 1986 చివర్లో మొదలైంది. వాలంటీర్లే నడుపుతారు, మందు అమ్మరు, ఏ వయసువాళ్లైనా రావచ్చు. అక్కడ పెరిగిన గ్రీన్ డే బ్యాండ్ పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకుంటే ఆ క్లబ్బు వాళ్లనే రావద్దంది, అంత పట్టుదల. అలాంటి చోట్ల పుట్టిన సంగీతానికి టికెట్ అమ్ముతూ, గేటు దగ్గర మనిషి పక్కన ఎవరున్నారో చూసి ఆపే పబ్బు ఎంత మంచి స్పీకర్లు పెట్టినా నాకు అనవసరం.

మర్నాడు డెక్కన్ క్వీన్‌లో ముంబై. డైనింగ్ కార్‌లో ఆమ్లెట్, టోస్ట్ తిన్నాక బావ ముఖం కాస్త తేటపడింది. దాదర్‌లో 2,200కి బుక్ చేసిన లాడ్జివాడు మూడో మనిషికి 600 అడిగాడు, సరే అన్నాం. రాత్రి పన్నెండు దాటితే గేటు తీయనన్నాడు. గిగ్‌కి వెళ్లేవాళ్లు గది బుక్ చేసే ముందు మంచం గురించి కాదు, గేటు టైము గురించి అడగండి. మేం ఆ గది వద్దని చెప్పి, వర్లీలో జాబర్ అన్న మేనమామ కొడుకు ఇంట్లో చాపల మీద పడుకున్నాం. ఆ ఇంటి కోడలు చేసిన జొన్న రొట్టె, వంకాయ కూర గురించి ఎంత చెప్పినా తక్కువే.

ఇక ముంబైలోని లోయర్ పరేల్. మథురాదాస్ మిల్ కాంపౌండ్‌లోని ఆంటీసోషల్ అనే క్లబ్బుకి వెళ్లాం. ఒకప్పుడు బ్లూ ఫ్రాగ్ అనే పేరున్న సంగీత క్లబ్బు 2007 నుంచి 2016 దాకా ఇదే కాంపౌండ్‌లో ఉండేది. టికెట్ 499, కవర్ లేదు. గేటు దగ్గరున్న అమ్మాయి టికెట్లు చూసి చేతి మీద ముద్ర వేసింది. మా వెంట ఆడవాళ్లు లేరేమని అడగలేదు, వయసు గురించి ఎత్తలేదు. "కాకా, సౌండ్ డెస్క్ దగ్గర నిలబడండి, అక్కడ బాగా వినిపిస్తుంది" అంది. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మిక్సింగ్ చేసే మనిషి తన చెవికి సరిపడేలా సెట్ చేస్తాడు కాబట్టి ఏ హాల్లోనైనా ఆ చుట్టుపక్కల చోటే మంచిది. డెస్క్ దగ్గరున్న కుర్రాడు జాబర్ అన్న మోకాలు పట్టుకోవడం చూసి, ఎవరూ అడక్కుండానే తన స్టూల్ జరిపాడు.

జాబర్ అన్నకు ఆ చోటు మామూలు చోటు కాదు. ఆయన తండ్రి ఈ లోయర్ పరేల్‌లోనే ఒక మిల్లులో నేత విభాగంలో పనిచేసేవాడు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది, రెండు లక్షలకు పైగా మనుషులు పని ఆపారు. ఆ సమ్మె తర్వాత చాలా మిల్లులు మళ్లీ సరిగా తెరుచుకోలేదు. తండ్రి సోలాపూర్ వచ్చి పవర్‌లూమ్‌లో చేరాడు, కొడుకు కూడా అక్కడే పని నేర్చుకున్నాడు. గిగ్ మొదలయ్యే ముందు అన్న కాంపౌండ్ వాచ్‌మన్‌తో అరగంట మరాఠీలో మాట్లాడాడు. ఏ మిల్లు ఎక్కడుండేది, ఏ చిమ్నీ కూల్చేశారు, అన్నీ అడిగాడు. లోపలికి వచ్చాక, "నాన్న డబ్బా పట్టుకుని వచ్చిన దారిలో నేను టికెట్ కొనుక్కుని వచ్చిన" అన్నాడు. సంతోషంగానే అన్నాడు, కానీ మొదటి బ్యాండ్ అయ్యేదాకా మళ్లీ నోరు తెరవలేదు.

మూడు బ్యాండ్‌లూ కుర్రాళ్లవే. పాటలు రెండు నిమిషాలకు మించవు. రెండో బ్యాండ్‌లో బేస్ గిటార్ తీగ తెగితే మూడో బ్యాండ్ అబ్బాయి తన గిటార్ ఇచ్చి వెళ్లాడు. ముందు వరసలో పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఎగురుతున్నారు, ఎవరైనా కింద పడితే వెంటనే చేయి పట్టి లేపుతున్నారు. ఆఖరికి బావ కూడా ముందుకు వెళ్లి చొక్కా తడిసేదాకా ఎగిరాడు. అయిపోయాక బ్యాండ్ టీషర్ట్ 600 పెట్టి కొన్నాను. గిగ్‌లకు వచ్చే జనం తక్కువున్న చోట ఆ కుర్రాళ్లకు నేరుగా అందేది అదే, కొనండి.

చెవుల సంగతి. జాబర్ అన్నకు మగ్గాల మోత వల్ల కుడి చెవి సగం పోయింది, అందుకే మేం దూదితో సరిపెట్టుకోం, మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు కొనుక్కుంటాం. జత 40 రూపాయలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి వేదికలకు సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రమాణం పెట్టింది. ప్లగ్ పెట్టుకుంటే పాట పోదు, మర్నాడు చెవిలో గీ మనే శబ్దం పోతుంది.

పెద్ద ఫెస్టివల్స్ సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. 2025 మార్చి 9న మహాలక్ష్మి రేస్‌కోర్స్‌లో లొల్లపలూజాకి గ్రీన్ డే వచ్చినప్పుడు మా అమ్మాయి టికెట్లు కొనిచ్చింది. వాళ్లను కళ్లారా చూశాం, ఆ రాత్రి మర్చిపోలేను. అయినా మా మోకాళ్లకు అంత మైదానం, అన్ని గంటల నిలబాటు వద్దు. నన్నడిగితే మా వయసుకు రెండొందల మంది పట్టే హాలే సరైనది.

తిరుగు ప్రయాణానికి సోలాపూర్ వందే భారత్ మంచిది. సాయంత్రం నాలుగు దాటాక ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్‌లో ఎక్కితే రాత్రి పదకొండులోపు ఇంట్లో ఉంటాం. ఖర్చు తగ్గాలంటే రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ తీసుకోండి. గిగ్ టికెట్ కొనే ముందు వేదికకు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: స్టాగ్ ఎంట్రీ ఉందా, కవర్ ఎంత, బ్యాండ్ ఎన్నింటికి ఎక్కి ఎన్నింటికి దిగుతుంది. తప్పించుకునే జవాబు వస్తే కొనకండి.

ఇంటికొచ్చాక బావ స్క్రీన్‌షాట్లతో 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాడు. టికెట్ డబ్బు 2,397 వెనక్కి వచ్చింది. కవర్ 4,500 గురించి పబ్బువాళ్లు ఇంకా జవాబివ్వలేదు, బావ మెయిల్స్ పెట్టడం ఆపలేదు.