జావా స్టాటిక్, పైథాన్ క్లాస్ వేరియబుల్: ఒకటే అనుకుంటే దెబ్బతింటాం

మా నల్గొండ ఊళ్లలో నీళ్లకు రెండు దారులు: ఊరందరికీ ఒక చెరువు, ఎవరి చేనులో వాళ్ల బోరు. ప్రోగ్రామింగ్‌లో క్లాస్ అంటే ఒక నమూనా, దాన్నుంచి తయారయ్యేవి ఆబ్జెక్ట్‌లు. క్లాస్ వేరియబుల్ (అన్ని ఆబ్జెక్ట్‌లకూ ఉమ్మడి విలువ, జావాలో దాని పేరు స్టాటిక్) చెరువు, ఇన్‌స్టన్స్ వేరియబుల్ (ఒక్కో ఆబ్జెక్ట్‌కు సొంత విలువ) బోరు. ఇంతవరకు రెండు భాషలూ ఒకటే.

తేడా విలువ మార్చేటప్పుడు తెలుస్తుంది. బత్తాయి తోట అనే క్లాస్‌లో టన్ను రేటు 20000 అని పెట్టామనుకోండి. జావాలో అది స్టాటిక్ అయితే, ఒక తోట ఆబ్జెక్ట్ పట్టుకుని 25000 చేసినా అన్ని తోటలకూ మారిపోతుంది, ఎందుకంటే కంపైలర్ ఆ ఆబ్జెక్ట్‌ను లెక్కచేయదు, దాని టైపు చూసి నేరుగా క్లాస్ దగ్గరికే పోతుంది (ఎడిటర్ మాత్రం కింద గీత గీసి గొణుగుతుంది). పైథాన్‌లో అదే పని సెల్ఫ్ (అంటే చేతిలో ఉన్న ఆ ఆబ్జెక్టే) మీద చేస్తే ఆ ఒక్క తోటకే కొత్త వేరియబుల్ పుడుతుంది. చెరువు నింపుదామని పోయి మన చేనులో బోరు వేసుకున్నట్టే! మిగతావాళ్లకు పాత 20000. విలువ చదివేటప్పుడు పైథాన్ ముందు బోరు చూస్తుంది, అది లేకపోతేనే చెరువుకు పోతుంది.

అసలు తలనొప్పి లిస్టుతో. పైథాన్ క్లాస్‌లో ఖాళీ లిస్టు పెట్టి సెల్ఫ్‌తో అపెండ్ చేస్తే (చివర చేర్చితే) కొత్తది పుట్టదు, ఉన్నదే పెరుగుతుంది, ఒక రైతు కూలీల పేర్లు పక్క రైతు లెక్కలో తేలతాయి. దీనితో నాకు ఒక రాత్రంతా టెన్షన్. లిస్టును ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే ఇనిట్‌లోనే పెట్టుకోండి.

కొత్తవాళ్లకు జావా పద్ధతే సూటిగా ఉంటుందని నా లెక్క. పైథాన్‌లో రేటు అందరికీ మారాలంటే క్లాస్ పేరుతోనే మార్చండి, సెల్ఫ్ జోలికి పోకండి.