పాత సెయిల్‌బోటులో స్టీరింగ్ దగ్గర స్క్రీన్ కావాలా? ముందు గార్డు మార్చండి

ముందే చెప్పేస్తున్నా, ఇది చార్ట్‌ప్లాటర్ (నీళ్ళ మ్యాప్ మీద బోటు ఎక్కడుందో చూపించే స్క్రీన్) రివ్యూ కాదు, దాన్ని మోసే గొట్టం రివ్యూ. మా 1980ల నాటి కాటలీనా 30 సెయిల్‌బోటుకి ఎడ్సన్ వాళ్ళ 1¼ అంగుళాల పెడెస్టల్ గార్డు, దాని మీద స్క్రీన్ బిగించే నావ్‌పాడ్ డబ్బా పెట్టాం. ఒక సీజన్ పూర్తిగా వాడాక రాస్తున్నాను. రెండూ చాలా నచ్చాయి, కానీ ఒకటే ఎంచుకోమంటే మాత్రం గార్డే అంటాను. ఈమధ్య బే ఏరియాలో మనవాళ్ళు కూడా పాత బోట్లు కొంటున్నారు, అందరూ మొదట అడిగేది ఏ స్క్రీన్ కొనాలి అనే. స్క్రీన్ నాలుగేళ్ళకో ఐదేళ్ళకో మారిపోతుంది, గార్డు బోటుతోపాటే ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడు గోడలో వేసే కరెంటు పైపు లాంటిది అది, బల్బులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

కొత్తవాళ్ళకి రెండు మాటలు. పెడెస్టల్ అంటే కాక్‌పిట్ (బోటులో కూర్చుని నడిపే చోటు) మధ్యలో నిలబడి ఉండే అల్యూమినియం స్తంభం. స్టీరింగ్ వీల్ దానికే ఉంటుంది, నెత్తిన దిక్సూచి ఉంటుంది. వీల్ తిప్పితే స్తంభం లోపలి చైను, దానికి తగిలించిన స్టీలు వైరు కదిలి కింద చుక్కానిని తిప్పుతాయి. ఆ స్తంభం ముందు తిరగేసిన ‘యు’ ఆకారంలో నిలబడేదే గార్డు. బోటు ఒరిగినప్పుడు మనిషి వెళ్ళి దిక్సూచి మీద పడకుండా ఆపడం, చేతికి పట్టు ఇవ్వడం దాని అసలు పని. దానికి ఎలక్ట్రానిక్స్ తగిలించడం తర్వాత మొదలైంది.

మాకు ఇది ఎందుకు కావలసి వచ్చిందంటే, పాత ప్లాటర్ లోపల క్యాబిన్‌లో ఉండేది. బర్కిలీ మెరీనా నుంచి బయటికొస్తే ఒక పక్క పాత పియర్ శిథిలాలు నీళ్ళలోకి చాలా దూరం పోయి ఉంటాయి, వేసవి మధ్యాహ్నం గోల్డెన్ గేట్ సందులోంచి 20, 25 నాట్ల గాలి కొడుతుంది, మంచు కమ్మిందంటే ఓక్లండ్ రేవుకి పోయే కంటెయినర్ ఓడలు దగ్గరికి వచ్చేదాకా కనబడవు. అలాంటప్పుడు వీల్ వేరేవాళ్ళకి ఇచ్చి లోపలికి దిగి స్క్రీన్ చూసి రావడం అంటే టెన్షనే. ఏఐఎస్‌లో (ఓడలు తామెక్కడున్నాయో రేడియోలో పంపే పద్ధతి, స్క్రీన్ మీద కనబడుతుంది) ఓడ ఎటు వస్తోందో వీల్ పట్టుకున్న మనిషికే కనబడాలి.

ఇక అసలు విషయం, సైజు. పాత బోట్లలో వచ్చే గార్డు ఎక్కువగా 1 అంగుళం గొట్టం, రెండు కాళ్ళ మధ్య దూరం 9½ అంగుళాలు. ఆ రోజుల్లో దాంట్లోంచి వైర్లు పోవాలని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు అందులోంచి స్క్రీన్‌కి పవర్ వైరు, ఎన్‌ఎమ్‌ఈఏ 2000 (బోటులోని పరికరాలన్నిటినీ కలిపే నెట్‌వర్క్) కేబుల్, రాడార్ ఉంటే దాని కేబుల్, ఇవన్నీ పోవాలి. వైరు సన్నగానే ఉంటుంది, దాని చివర కనెక్టరే లావు, వంపు దగ్గర ఇరుక్కుపోతుంది. కనెక్టర్ కోసేసి మళ్ళీ కట్టుకోవడం కుదురుతుంది కానీ వాటర్‌ప్రూఫ్ జాయింట్‌ని చేతులారా పాడుచేసుకోవడం నాకు ఇష్టం లేదు. 1¼ అంగుళాల గొట్టం చూడ్డానికి పావు అంగుళమే ఎక్కువ, లోపలి జాగా మాత్రం సగానికి పైగా పెరుగుతుంది. మా కేబుళ్ళు కనెక్టర్లతో సహా దిగిపోయాయి. పైగా పట్టుకుంటే చేతికి నిండుగా ఉంది, పాతదానిలా ఊగడం లేదు.

కొనేముందు ఒకటి చూసుకోండి. గార్డు పైభాగం దిక్సూచి కింద ఉండే ప్లేటులోంచి పోతుంది. గొట్టం లావు మారితే ఆ ప్లేటూ మారాలి, కాళ్ళ మధ్య దూరం 12 అంగుళాలకి పెంచితే నేలలో కన్నాలు కూడా కొత్తవి పడాలి. నావ్‌పాడ్‌లో 9½కి వేరే మోడళ్ళు, 12కి వేరే మోడళ్ళు ఉంటాయి, కలిపి వాడటం కుదరదు. ఒక ఆన్‌లైన్ షాపు వాడు అన్ని గార్డులకీ సరిపోతుంది అని రాసి ఒక డబ్బా అమ్మాడు, వచ్చాక చూస్తే పాత సన్న గొట్టానిది, వెనక్కి పంపాల్సి వచ్చింది. కాబట్టి టేపు పెట్టి ఒక గొట్టం మధ్య నుంచి ఇంకో గొట్టం మధ్యకి కొలవండి. అంచు నుంచి అంచుకి కొలిస్తే లెక్క తప్పుతుంది.

ఖర్చు? గార్డు, ప్లేటు, డబ్బా కలిపితే స్క్రీన్ ధరకి దగ్గరగా వచ్చింది. స్టీలు పైపుకి ఇంతా అని మా ఇంట్లోనే అడిగారు. స్టెయిన్‌లెస్ స్టీలు, ఉప్పునీళ్ళలో నిలబడాలి, మనిషి బరువు మొత్తం దాని మీద పడ్డా వంగకూడదు. ఎడ్సన్ వాళ్ళు 1859 నుంచి మసాచుసెట్స్‌లో ఉన్న కంపెనీ, అంత పాత పెడెస్టల్‌కి కూడా సరిపోయే సామాను ఇంకా దొరుకుతోందంటే నాకు ఆ డబ్బు దండగ అనిపించలేదు.

బిగించడంలో కష్టమంతా నేల దగ్గరే. కాక్‌పిట్ నేల పైనా కిందా ఫైబర్‌గ్లాస్, మధ్యలో ప్లైవుడ్ లేదా బాల్సా చెక్క. కన్నం పెద్దది చేసి ఊరికే సీలెంట్ పూస్తే ఎప్పటికో ఒకప్పటికి నీళ్ళు చెక్కలోకి దిగుతాయి, నేల మెత్తబడిపోతుంది. కావాల్సినదానికన్నా పెద్ద కన్నం వేసి, అంచున చెక్కని కొంచెం తవ్వి తీసి, చిక్కగా కలిపిన ఇపాక్సీ నింపి, గట్టిపడ్డాక దాంట్లో అసలు కన్నం వెయ్యాలి. ఒక బోట్‌యార్డ్ మెకానిక్ ఇదంతా ఎందుకు, మళ్ళీ ఊడిరాని జిగురు పెట్టి అంటించేద్దాం అన్నాడు. వద్దన్నాను. గార్డు రేపు ఇంకో కేబుల్ కోసం తీయాల్సి వస్తుంది, అప్పుడు నేల పగలగొట్టాలా? బ్యూటిల్ టేపు (మెత్తగా ఉండి, తర్వాత ఊడదీయడానికి వీలయ్యే సీలెంట్ పట్టీ) పెట్టాం, చుక్క కారలేదు.

పెడెస్టల్‌ని నేలకి పట్టే నాలుగు బోల్టుల జోలికి మాత్రం పోకండి. చాలా బోట్లలో కింద స్టీరింగ్ వైరు తిరిగే కప్పీల ప్లేటు కూడా వాటికే వేలాడుతూ ఉంటుంది. అలాగే వైర్లు పెడెస్టల్ లోపల్నించి లాగేద్దాం అని కూడా అనుకోవద్దు. లోపల చైను తిరుగుతుంటుంది, ఇంజిన్ కేబుళ్ళు ఉంటాయి, వైరు వెళ్ళి చైనులో పడిందంటే వీల్ పట్టేస్తుంది. గాలిలో, ఓడల మధ్య అలా జరిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. గార్డు గొట్టం ఉన్నదే అందుకు.

ప్లేటు మార్చడానికి దిక్సూచి ఎలాగూ తీస్తారు కాబట్టి చైను కళ్ళ ముందుంటుంది. దానికి 30 నంబరు ఇంజిన్ ఆయిల్ కొంచెం పెట్టండి. తర్వాత కిందికి దిగి, స్టీరింగ్ స్టీలు వైరు మీద టిష్యూ పేపరుతో తుడవండి, ఎక్కడైనా పేపరు చిరిగి పట్టుకుందంటే అక్కడ వైరు పోగు తెగిందన్నమాట, వైరు మార్చాల్సిందే. ఈ పని ఏడాదికోసారి చెయ్యాలి, చాలామంది దిక్సూచి తీయాలన్న బద్ధకంతో మానేస్తారు. అల్యూమినియంలో దిగిన స్టీలు స్క్రూలు తెల్లగా బూడిద పట్టి బిగుసుకుపోయి ఉంటాయి, బలవంతం చెయ్యకుండా వేడి చేసి, నూనె వేసి, ఓపిగ్గా తీయాలి. తిరిగి బిగించేటప్పుడు ప్రతి స్క్రూకీ టెఫ్‌జెల్ (ఇలా బిగుసుకుపోకుండా రాసే పేస్టు) రాయండి.

దిక్సూచి విషయం. స్క్రీన్ దాని పక్కకే వస్తుంది, కాబట్టి మాన్యువల్‌లో దిక్సూచికి ఎంత దూరం ఉండాలో చూసుకోండి. స్పీకర్ ఉన్న రేడియో అయితే ఇంకా జాగ్రత్త, లోపల అయస్కాంతం ఉంటుంది. పవర్ వైర్లు రెండూ జడలా మెలిపెట్టి తీసుకెళ్ళండి, అప్పుడు వాటి అయస్కాంత ప్రభావం ఒకదాన్నొకటి కొట్టేస్తుంది. అంతా అయ్యాక స్క్రీన్ ఆన్ చేసి ఆఫ్ చేసి ముల్లు కదులుతుందేమో చూడండి. మాది కదల్లేదు.

నెట్‌వర్క్ కేబుల్ గురించి కూడా ఒక మాట. ఎన్‌ఎమ్‌ఈఏ 2000లో మెయిన్ కేబుల్ నుంచి ఒక పరికరానికి పోయే పిల్ల కేబుల్ 6 మీటర్లు దాటకూడదు. కరెంటు ప్యానెల్ దగ్గర్నుంచి గార్డు మీదుగా స్క్రీన్ దాకా లాగితే ఆ 6 మీటర్లు తెలీకుండానే దాటిపోతాం. మేం మెయిన్ కేబుల్‌నే కాక్‌పిట్ కిందిదాకా తెచ్చి అక్కడ ‘టీ’ (పిల్ల కేబుల్ తగిలించే మూడు దారుల జాయింట్) పెట్టాం.

నావ్‌పాడ్ డబ్బాకి మామూలు స్క్రూడ్రైవర్‌తో రాని, దొంగతనాన్ని ఆపే స్క్రూలు ఇస్తారు, రబ్బరు సీలు బాగుంది, అలలు మీద పడ్డా లోపల పొడిగానే ఉంది. ఖాళీ ముఖంతో వచ్చేది తీసుకుంటే మన స్క్రీన్ అచ్చు పెట్టి మనమే కోసుకోవచ్చు, ముందే కోసి వచ్చేది తీసుకుంటే సులువే కానీ అది ఆ స్క్రీన్‌కి మాత్రమే. ఖాళీదానికే నా ఓటు.

మీ పాత గార్డు ఇప్పటికే 1¼ అంగుళాలదైతే ఇదంతా అక్కర్లేదు, డబ్బా ఒక్కటే కొనుక్కోండి. గొట్టం లోపల ఒక నైలాన్ దారం కూడా వేసి వదిలేయండి, తర్వాతి కేబుల్ లాగడానికి పనికొస్తుంది.