టాప్ గర్ల్స్: పదోన్నతి విందు, పక్కనే అక్క వంటగది

లండన్‌లో ఓ చిన్న హాల్లో స్థానిక బృందం వేసిన ‘టాప్ గర్ల్స్’ చూశాను. క్యారిల్ చర్చిల్ రాసిన ఈ నాటకాన్ని మొదట 1982లో, మార్గరెట్ థాచర్ ప్రధానిగా ఉన్న రోజుల్లో, ఇక్కడి రాయల్ కోర్ట్ థియేటర్‌లో ఆడారు. ఇందులో ఒక్క మగ పాత్ర కూడా లేదు.

ఉద్యోగాలిప్పించే ఏజెన్సీలో మార్లీన్‌కి పెద్ద పదవి వస్తుంది. ఆ సంబరానికి మగవేషంలో పోప్ అయ్యిందని కథల్లో చెప్పుకునే పోప్ జోన్, జపాన్ చక్రవర్తి ఉంపుడుగత్తెగా ఉండి సన్యాసినైన లేడీ నిజో లాంటి పాతకాలపు ఆడవాళ్లు విందుకొస్తారు. ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తూ తమ గోడు చెప్పుకుంటారు. వడ్డించే అమ్మాయికి మాత్రం ఒక్క డైలాగూ లేదు. ప్లేట్లు తీసి, వైన్ పోసి, గోడ పక్కన నిలబడిన ఆ అమ్మాయినే నేను ఎక్కువసేపు చూస్తూ ఉండిపోయాను.

మధ్యలో ఆఫీసు సీన్లు కాస్త సాగాయి. అయితే ఇరవై ఒక్క ఏళ్లు ఒకేచోట చాకిరీ చేసినా గుర్తింపు దక్కని లూయీజ్ ఇంటర్వ్యూ గుండె పిండేసింది. మన ఆఫీసుల్లో ఇలాంటివాళ్లు ఎంతమంది!

అసలు బలమంతా చివరి అంకంలోనే ఉంది. మార్లీన్ అక్క జాయిస్ ఇళ్లు తుడిచి బతుకుతుంది. ఆమె వంటగదిలో డబ్బు గురించీ, అమ్మ బాధ్యత గురించీ, థాచర్ గురించీ అక్కచెల్లెళ్లిద్దరూ తగువాడుకుంటారు. చెల్లెలు పైకెదగడానికి ఆమె కన్న పిల్ల పెంపకం భారమంతా ఎవరి మీద పడిందో అక్కడే తేలుతుంది. జాయిస్‌గా వేసినావిడ గొంతు పెంచకుండానే హాలంతటినీ కట్టిపడేసింది.

మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి ముందు వరసల్లో టికెట్ తీసుకోండి. అక్కచెల్లెళ్లయితే కలిసే వెళ్లండి.