సెర్చ్‌లో యాడ్స్ కొనడమా, సైట్‌లో యాడ్స్ పెట్టుకోవడమా: ఏది మేలు?

"సైట్ తయారైంది, ఇప్పుడు గూగుల్ యాడ్స్ తీసుకోనా, యాడ్‌సెన్స్ పెట్టుకోనా?" అని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది ఒక్కటే. మీ దగ్గర అమ్మడానికి ఏమైనా ఉందా, లేక చదవడానికి వచ్చే జనం ఉన్నారా? ఎందుకంటే ఇవి ఒకే పనికి రెండు దారులు కావు. గూగుల్ యాడ్స్‌లో మీ యాడ్ సెర్చ్ లాంటి చోట్ల కనిపించడానికి డబ్బు కట్టేది మీరు. యాడ్‌సెన్స్‌లో మీ సైట్‌లో యాడ్స్ చూపించినందుకు, వేరేవాళ్లు కట్టిన డబ్బులోంచి మీకు వాటా వస్తుంది. మొదటిది 2000లో యాడ్‌వర్డ్స్ పేరుతో మొదలై 2018లో పేరు మార్చుకుంది, రెండోది 2003లో వచ్చింది. ఇన్నేళ్లైనా ఈ రెండిట్నీ కలిపేసి చూసేవాళ్లే ఎక్కువ.

ముందు కొనడం సంగతి. సెర్చ్ యాడ్‌కున్న బలమంతా ఒక్క విషయంలో ఉంది: అవతలి మనిషి తనకేం కావాలో తనే టైప్ చేసి చెబుతున్నాడు. వెతికిన ప్రతిసారీ అక్కడికక్కడే వేలం జరుగుతుంది, కానీ ఎక్కువ పాడినవాడే పైన ఉంటాడని లేదు. యాడ్ ఆ వెతుకులాటకు ఎంత దగ్గరగా ఉంది, జనం నొక్కే అవకాశం ఎంత, నొక్కాక తెరుచుకునే పేజీ పనికొస్తుందా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి కాబట్టి పేజీ బాగుంటే తక్కువ పాడినా పైకి రావచ్చు. మామూలుగా మీరు డబ్బు కట్టేది క్లిక్‌కే, ఊరికే కనిపించినందుకు కాదు.

కానీ క్లిక్ అంటే అమ్మకం కాదు, చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇక్కడే. ఉదాహరణకు ఒక్కో క్లిక్‌కు అర డాలర్ అనుకుందాం. వంద క్లిక్‌లకు 50 డాలర్లు. అందులో ఇద్దరు కొన్నారు అనుకుంటే ఒక్కో కస్టమర్‌ను తెచ్చుకోడానికి మీకైన ఖర్చు 25 డాలర్లు. ఒక అమ్మకం మీద మీకు మిగిలేది 40 అయితే యాడ్ గిట్టుబాటు అయినట్టే, 15 అయితే అమ్మిన ప్రతిసారీ చేతి చమురు వదులుతుంది. ఈ లెక్క తెలియాలంటే ఎవరు కొన్నారు, ఎవరు ఫోన్ చేశారు అన్నది నమోదయ్యేలా కన్వర్షన్ ట్రాకింగ్ పెట్టాలి. అది లేకుండా యాడ్ నడపడం నాకు అస్సలు నచ్చదు, ఎందుకంటే ఎక్కడ పోతోందో కూడా తెలియకుండా డబ్బు పోతుంది.

డబ్బు కారిపోయే కంతలు మరికొన్ని ఉన్నాయి. సెర్చ్ క్యాంపెయిన్ మొదలుపెట్టేటప్పుడు డిస్‌ప్లే నెట్‌వర్క్ (సెర్చ్‌లో కాకుండా వేరే సైట్లలో, యాప్‌లలో యాడ్స్ చూపించేది) కూడా కలిసిపోయి ఉందేమో చూసి తీసేయండి. లొకేషన్ సెట్టింగ్‌లో ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లకే కాక, ఆ ప్రాంతం మీద ఆసక్తి చూపినవాళ్లకూ యాడ్ వెళ్లే ఆప్షన్ ఒకటుంది, చుట్టుపక్కల మాత్రమే పని చేసేవాళ్లకు అది దండగ. బ్రాడ్ మ్యాచ్ (మీరిచ్చిన కీవర్డ్‌కు సంబంధం ఉన్న వెతుకులాటలకూ యాడ్ చూపించే సెట్టింగ్) పెడితే మీరు ఊహించని మాటలకు కూడా యాడ్ కనిపిస్తుంది, అందుకే "ఉచితం", "ఉద్యోగాలు" లాంటివి నెగెటివ్ కీవర్డ్స్‌లో, అంటే యాడ్ కనిపించకూడని మాటల జాబితాలో వేసుకోవాలి. రోజుకు ఇంత అని బడ్జెట్ పెట్టినా ఒక్కో రోజు దానికి రెట్టింపు దాకా ఖర్చవచ్చు, నెల మొత్తం మీద మాత్రం రోజు బడ్జెట్‌కు 30.4 రెట్లు దాటదు. ఇది తెలియక రెండో రోజే కంగారుపడి ఆపేసేవాళ్లున్నారు.

ఇక యాడ్‌సెన్స్. పెట్టుబడి లేదు, నిజమే, కానీ జనం లేకపోతే ఆదాయమూ లేదు. చాలాకాలం ప్రకటనదారు కట్టినదాంట్లో 68 శాతం సైట్ వాళ్లకు ఇచ్చేవారు. 2024 నుంచి లెక్క మారింది, ప్రకటనదారు యాడ్ కొనే ప్లాట్‌ఫామ్ తీసుకునే రుసుము పోగా మిగిలినదాంట్లో 80 శాతం ఇస్తున్నారు. ఆ యాడ్ గూగుల్ యాడ్స్ ద్వారా వస్తే ఆ రుసుము సగటున 15 శాతం అని గూగులే చెప్పింది, కాబట్టి చివరికి చేతికొచ్చేది మళ్లీ దాదాపు అదే 68. వాటా బాగానే ఉంది. అసలు సమస్య ఎంతమంది చూస్తారన్నదే. వెయ్యి పేజీలు చూస్తే 2 డాలర్లు వస్తాయనుకోండి (భాషను, విషయాన్ని, చదివేవాళ్ల దేశాన్ని బట్టి ఇది చాలా మారుతుంది), 100 డాలర్లు దాటితేగానీ డబ్బు పంపరు కాబట్టి అక్కడికి చేరడానికి 50,000 పేజీ వ్యూస్ కావాలి. సంవత్సరం చివర్లో రేట్లు పెరిగి జనవరిలో పడిపోవడం మామూలే, దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు. మీ యాడ్స్ మీరే నొక్కడం, తెలిసినవాళ్లతో నొక్కించడం మాత్రం వద్దే వద్దు, అకౌంట్ మూసేస్తారు, ఒకసారి పోయాక తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

నేను గట్టిగా చెప్పేది మాత్రం ఇది. సొంత వస్తువో సేవో అమ్ముతున్నవాళ్లు ఆ పేజీల్లో యాడ్‌సెన్స్ పెట్టకండి. మీ పేజీ దేని గురించో చూసి దానికి తగ్గ యాడ్స్ వస్తాయి కాబట్టి సరిగ్గా మీ పోటీదారుడి యాడే మీ సరుకు పక్కన కనిపించవచ్చు. మీరు 25 డాలర్లు ఖర్చుపెట్టి తెచ్చుకోవాల్సిన కస్టమర్‌ను కొన్ని సెంట్లకు పక్కవాడికి అప్పజెప్పినట్టు అవుతుంది. ఫలానా సైట్ల యాడ్స్ రాకుండా ఆపే వీలుంది, అయినా ఎంతమందినని ఆపుతాం?

క్లిక్‌లు కొని జనాన్ని తెచ్చి, వాళ్లకు యాడ్‌సెన్స్ యాడ్స్ చూపించి సంపాదిద్దామనే ఆలోచన కూడా చాలామందికి వస్తుంది. ముందు లెక్కే కుదరదు: అర డాలర్ పెట్టి తెచ్చిన మనిషి ఒక పేజీ చూసి వెళ్తే, పైన వేసుకున్న రేటు ప్రకారం వచ్చేది సెంటులో ఐదో వంతు. పైగా ప్రధానంగా యాడ్స్ చూపించడానికే తయారుచేసిన పేజీలకు గూగుల్ యాడ్స్ నిబంధనలు ఒప్పుకోవు.

కాబట్టి అమ్మేవాళ్లకు సెర్చ్ యాడ్సే మేలు, అదీ చిన్న బడ్జెట్‌తో, ఒకటి రెండు సేవలకే పెట్టి, మొదటి వారం రోజూ సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ (జనం ఏమని వెతికితే మీ యాడ్ కనిపించిందో చెప్పేది) చూసుకుంటూ. రాయడమే పనిగా ఉన్నవాళ్లకు యాడ్‌సెన్స్ సరిపోతుంది, కాకపోతే జనం రావడం మొదలయ్యాక పెట్టుకోండి. నాలుగు వ్యాసాలున్న సైట్‌కు యాడ్స్ తగిలిస్తే పేజీ బరువెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదు. అమ్మకమూ, వ్యాసాలూ రెండూ ఉన్నవాళ్లయితే ఆటో యాడ్స్ (పేజీలో యాడ్స్ ఎక్కడ పెట్టాలో గూగులే ఎంచుకునే పద్ధతి) సెట్టింగ్స్‌లో సరుకు పేజీలనూ, ధరల పేజీనీ, సంప్రదించే పేజీనీ మినహాయించి, వ్యాసాల్లో మాత్రమే యాడ్స్ వచ్చేలా పెట్టుకోండి.