రాక్ స్లైడర్లు కట్టిన 200 ఆంపియర్ల ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్: ఎనిమిది నెలల వాడకం తర్వాత

ఈ మెషీన్ కొన్నది ఒక్క పని కోసం. నా ఫోర్ వీల్ డ్రైవ్ బండికి రాక్ స్లైడర్లు నేనే కట్టుకోవాలని. బండి రాయి మీద కూర్చున్నప్పుడు డోర్ల కింద రేకు నలిగిపోకుండా మొత్తం బరువు మోసే పైపులవి. రెడీమేడ్‌వి దొరుకుతాయి, కానీ నా బండి ఛాసిస్‌కు (అడుగున ఉండే ఇనుప ఫ్రేముకు) సరిపోయేవి దొరకలేదు. ఇలాంటి మెషీన్లే డబ్బా రంగు మారి రకరకాల పేర్లతో అమ్ముడవుతుంటాయి కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. సింగిల్ ఫేజ్, డీసీ, రాడ్డుతో చేసే మామూలు ఆర్క్ వెల్డింగే. భుజానికి తగిలించుకుని బండి చుట్టూ తిరగొచ్చు. ఇంట్లో పని చేసుకునేవాళ్లకు ఇది చాలా పెద్ద సౌకర్యం.

ముందు నాకు జరిగింది చెప్తాను. ఈ మెషీన్ కొనేవాళ్లు అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది అదే.

మొదటి స్లైడర్ ఎడమవైపుది. 3 మిల్లీమీటర్ల మందం పైపు, దాన్ని ఛాసిస్‌కు పట్టించే 5 మిల్లీమీటర్ల బేస్ ప్లేటు, మామూలు పనులకు వాడే 6013 రకం రాడ్డు. ఆంపియర్లు 110 పెట్టాను. అతుకు చూడ్డానికి బాగానే వచ్చింది, వరసగా పేర్చిన నాణేల్లా. సుత్తితో తడితే స్లాగ్ (అతుకు మీద గట్టిపడే పూత) పెచ్చులుగా ఊడింది. సంతోషంగా రంగు కూడా వేసేశాను. మర్నాడు పొద్దున స్లైడర్ కింద జాక్ పెట్టి ముందు చక్రం నేల వదిలేదాకా లేపాను. 'టప్' మని శబ్దం. "అన్నయ్యా, కాలు ఊడింది!" అని మా తమ్ముడు అరిచాడు. పైపు ప్లేటు నుంచి పూర్తిగా విడిపోయింది. బండి కింద ఎవరూ లేరు, వెనక చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టే ఉంచాం. అందుకే ఎవరికీ ఏమీ కాలేదు.

ఊడిన చోట టార్చి వేసి చూశాను. ప్లేటు మీద వెల్డింగ్‌కు ముందు నేను గ్రైండర్ పట్టిన గీతలు అలాగే ఉన్నాయి, ఒక్కటీ చెరగలేదు. అంటే ఇనుము కరిగి కలవలేదు, పైన అతుక్కుని కూర్చుంది, అంతే. ఆ గీతలు చూశాక రెండు రోజులు మళ్లీ రాడ్డు పట్టుకోలేదు.

కారణం వెతికితే ఎక్స్‌టెన్షన్ బాక్స్ దగ్గర దొరికింది. 30 మీటర్ల వైరు, ఒక్క చదరపు మిల్లీమీటరు మందం. పైగా సగం చుట్టలోనే ఉంది. వెల్డింగ్ చేసేటప్పుడు ముట్టుకుంటే వేడిగా ఉండేది కూడా. వోల్టేజీ దారిలోనే పడిపోతోంది. మరి డిస్‌ప్లే? 110 అనే చూపిస్తోంది. ఈ మెషీన్ డిస్‌ప్లే మనం అడిగిన అంకె చూపిస్తుంది, రాడ్డు కొసకు వస్తున్న కరెంటు కాదు. నా దృష్టిలో దీని అసలు లోపం ఇదే. మాన్యువల్‌లో వైరు మందం గురించి ఒక్క ముక్క లేదు, అది నాకింకా కోపమే. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు పొట్టిగా కొట్టించి, చుట్ట పూర్తిగా విప్పి పరిచాక అదే 110 దగ్గర ఆర్క్ శబ్దమే మారిపోయింది. ఇదివరకు తడికట్టె కాలుతున్నట్టు చిటపటలాడేది. ఇప్పుడు ఆగకుండా ఒకే తీరుగా వేగుతున్న శబ్దం.

తప్పు నాదీ కొంత ఉంది. రెండు మందాలు కలిసేచోట ఆర్క్ మందమైనదాని మీదే ఎక్కువసేపు నిలవాలి. నేను పైపుకు చిల్లు పడుతుందేమోనన్న భయంతో పైపు వైపూ సరిగా ఉంచలేదు, ప్లేటు వైపూ ఉంచలేదు.

రెండోసారి బరువు మోసే అతుకులన్నీ 7018 రాడ్డుతో (బలమైన అతుకులకు వాడే రకం) వేశాను. ఈ మెషీన్ దాన్ని బాగానే మండిస్తుంది. కాకపోతే ఆపి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు రాడ్డు కొస మీద గాజులాంటి పొర కట్టి ఉంటుంది, దాన్ని గరుకు ఇనుము మీద గీకి పోగొట్టాలి. 7018కి తేమ పడదు. చిన్న సీల్డ్ ప్యాకెట్లు కొనుక్కుని, విప్పింది విప్పినట్టే వాడేస్తున్నాను.

మెషీన్‌తో వచ్చిన ఎర్త్ క్లాంపు (కరెంటు తిరిగి వెళ్లడానికి ఇనుముకు పట్టించేది) పల్చటి రేకు. రెండో వారానికే స్ప్రింగు పట్టు సడలింది. ఇత్తడిది వేరే కొన్నాను. ఎర్త్ సరిగా లేకపోతే ఎంత మంచి మెషీనైనా దండగే. బండి మీద చేసేటప్పుడు ఇంకో సంగతి కూడా ఉంది. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసేయాలి. క్లాంపు అతుకుకు జానెడు దూరంలోనే పట్టించాలి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది. డీజిల్ పైపు, బ్రేక్ పైపు ఎటు పోతున్నాయో ముందే చూసి పక్కకు కట్టుకోండి. బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట మాత్రం వెల్డింగ్ వద్దే వద్దు. క్లోరిన్ ఉన్న రకమైతే ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

ఛాసిస్ మీద బేస్ ప్లేట్లను చదరంగా కాకుండా కొసలు సన్నబడేలా వజ్రం ఆకారంలో కోశాను. ఛాసిస్‌కు అడ్డంగా, పై నుంచి కిందికి ఒకే గీతలా అతుకు వేస్తే ఆ గీత వెంటే పగులు వస్తుంది. ఒక పక్క కొంచెం, రెండో పక్క కొంచెం వేస్తూ చల్లారనిచ్చాను, పైపు వంకర పోలేదు.

డ్యూటీ సైకిల్ 200 దగ్గర 60 శాతం అని వెనక రాసి ఉంది. అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వెల్డింగ్ చేయొచ్చు, మిగతాది చల్లారనివ్వాలి. నేను 120 దాటలేదు కాబట్టి వేడెక్కి పసుపు లైటు వెలిగి ఆగిపోవడం ఒక్కసారే జరిగింది. అదీ ఫ్యాన్ వెనక గోడకు ఆనించి పెట్టినందుకు. పక్కనే గ్రైండర్ పట్టకండి, ఇనుప పొడి అంతా ఫ్యాన్ లోపలికి లాక్కుంటుంది.

ఈ మెషీన్‌తో కానివీ ఉన్నాయి. బాడీ రేకు తుప్పు పడితే ముక్క వేద్దామని చూశాను. అతి తక్కువ ఆంపియర్ల మీద కూడా చిల్లు పెద్దదైంది తప్ప అతకలేదు. దానికి మిగ్ మెషీనే (రాడ్డు బదులు సన్నటి తీగ వచ్చేది) కావాలి. ఛాసిస్ వేరుగా లేని మోనోకాక్ బండ్లవాళ్లు దీంతో స్లైడర్లు కట్టే ఆలోచన పెట్టుకోకండి. రికవరీ పాయింట్లు (ఇరుక్కున్న బండిని లాగడానికి తాడు తగిలించేవి) కూడా నేను చేయలేదు, బోల్టులతో బిగించేవే పెట్టుకున్నాను. వించ్ (బండిని తాడుతో లాగే యంత్రం) లాగుతుండగా అతుకు ఊడితే ఆ ఇనుప ముక్క తూటాలా వస్తుంది.

రేటింగ్ అడిగితే ఐదుకు నాలుగు. ఒకటి తగ్గించింది క్లాంపు వల్ల, ఆ డిస్‌ప్లే వల్ల. ఛాసిస్ పనులకు ఇంటి కరెంటు మీద ఇంతకంటే పెద్దది అక్కర్లేదు. కొనేటప్పుడే లావు వైరు, మంచి క్లాంపు, ఆటో డార్కెనింగ్ హెల్మెట్ (వెల్డింగ్ మొదలవగానే అద్దం దానంతటదే నల్లబడేది) కలిపి లెక్కేసుకోండి. కుడివైపు స్లైడర్‌ను జాక్ మీద లేపి అరగంట అలాగే ఉంచాను. ఆ తర్వాత రెండు నెలల్లో రెండూ రాళ్ల మీద చాలాసార్లే కూర్చున్నాయి. రంగు లేచిపోయింది. పోయిన ఆదివారం మొత్తం గీకి ప్రతి అతుకూ టార్చి వేసి చూశాను, ఎక్కడా వెంట్రుకంత పగులు లేదు.