పాపను చూసుకునే అక్కకు సెలవు: కోత మేలా, లెక్క మేలా?

పాపకు ఏడాది నిండగానే నేను తిరిగి ఉద్యోగంలో చేరాను. నెల్లిమర్ల వైపు నుంచి ఆటోలో విజయనగరం వచ్చి, ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా పాపను చూసుకునే అక్క కుదిరింది. నెలకు 9,000, ఆదివారం సెలవు. మాట్లాడుకున్నది అంతే. మిగతా సెలవుల సంగతి నేను ఎత్తలేదు, ఆవిడా అడగలేదు.

కాబట్టి మొదట్లో మా వీధి పద్ధతే మాదీ: నాగా పెడితే కోత. 9,000ను 30తో భాగించి రోజుకు 300. ఇందులో ఒక మెలిక ఉంది. ఆదివారాలు పోగా ఆవిడ పనిచేసేది 26 రోజులు. ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ సొమ్ము లెక్కలో కూడా నెల జీతాన్ని 26తోనే భాగిస్తారు. అలా చూస్తే రోజు విలువ 346. కోయాల్సి వస్తే 300 కోసి, ఆదివారం పిలిస్తే 346 ఇవ్వడం న్యాయం. దాన్ని తిరగేసి వాడే ఇళ్లనూ చూశాను.

కోతలో పేచీ ఉండదు, నాగాలూ తక్కువే. ఆ తక్కువే నా కొంప ముంచింది. ఒక వానాకాలం ఉదయం అక్క చేతిలోంచి పాపను అందుకుంటే ఆవిడ చెయ్యి కాలిపోతోంది. "జ్వరమా అక్కా? ఇంట్లో ఉండకపోయావా?" అన్నాను. "మూడు వందలు పోతాయి కదమ్మా," అంది. నాలుగో రోజుకు పాపకు జ్వరం, ఆరో రోజుకు నాకు. గిన్నెలు తోమే మనిషి జ్వరంతో వస్తే గిన్నెలకు ఏమీ కాదు. రోజంతా బిడ్డను చంకనెత్తుకునే మనిషి సంగతి వేరు.

రెండోది మా అత్తగారి దారి. ఆవిడ ఎన్నడూ ఎవరి జీతమూ కోయలేదు. "ఇంటి మనిషికి లెక్కలేమిటి? అడిగితే వెళ్లిరమ్మంటాం," అంటారు. మనసు మంచిదే, కాదనను. కొన్నాళ్లు అలాగే నడిపాను. అప్పుడే ఒకటి గమనించాను: సెలవు అడగాలనుకుంటే, రెండు రోజుల ముందు నుంచి అక్క తనది కాని పని కూడా చేస్తుంది. బట్టలు మడత పెడుతుంది, వంటగట్టు తుడుస్తుంది. తర్వాత నా ముఖం చూసి, ఆఫీసు నుంచి చిరాకుగా వచ్చానని తోస్తే అడగకుండానే వెళ్లిపోతుంది. ఆవిడ సెలవు నా తలనొప్పి మీద ఆధారపడి ఉందన్నమాట.

ఇక మూడోది, ముందే లెక్క కట్టి చెప్పడం. ఎన్ని రోజులు? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున జీతంతో సెలవు రాసింది. ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే 15 రోజులు. ఇల్లు ఫ్యాక్టరీ కాదు, ఆ చట్టం నా గుమ్మం దాటి వచ్చేది కాదు. అయినా కొలబద్దగా పనికొస్తుంది. ఖర్చు 15 ఇంటూ 346, అంటే 5,190. నెలకు పంచితే 430 పైచిలుకు.

నేను దీనికే మొగ్గాను, కొన్ని సవరణలతో. జ్వరం రోజులు ఈ 15లో కలవవు. కలిపితే మళ్లీ దాచుకుని వస్తుంది. సంక్రాంతి మూడు రోజులు, మా ఊరి పైడితల్లమ్మ జాతరలో సిరిమాను ఉత్సవం జరిగే మంగళవారం విడిగా సెలవే. సిరిమాను నాడు ఈ ఊళ్లో ఏ ఇంటికి చుట్టాలు రారు గనుక! మేం ఊరికి వెళ్లి తాళం వేసిన రోజులు మా ఖాతాలోవి. మిగిలిన సెలవులకు భోగి ముందు డబ్బు. మామూలు సెలవైతే వారం ముందు చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు నేనో మా ఆయనో సెలవు పెట్టాలి.

అందరికీ ఇదే కుదరదు. రెండు మూడు నెలలకే మనిషి కావాలంటే సెలవు విలువ కలిపి రోజుకు 400 ఇవ్వడం తేలిక.

వంటింటి క్యాలెండరు మీదే గుర్తులు పెడుతున్నాం. ఈసారి సిరిమాను ముందు రోజు, సోమవారం తొలేళ్లకు కూడా తన ఇంట్లోనే ఉండిపొమ్మన్నాను, లెక్కలో రాయకుండా ఊరికే. అక్క పెన్ను తీసి నా చేతిలో పెట్టింది. "సోమవారం నా పదిహేనులోంచి రాయండమ్మా," అంది.