వెయ్యి రూపాయల ఫీజుకు ఎన్జీటీలో ఏం దొరుకుతుంది, ఏం దొరకదు

తీర్పు ముందే చెప్పేస్తాం. ఒక గనికో, ఫ్యాక్టరీకో, ఎత్తిపోతలకో ఇచ్చిన పర్యావరణ అనుమతిని సవాలు చేయడానికి జాతీయ హరిత ట్రిబ్యునల్, అదే ఎన్జీటీ, మంచి చోటు. ఆ పనికి ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. అదే ప్రభుత్వం నిబంధననే సడలించి "ఇకమీదట ఈ పనికి అనుమతే అక్కర్లేదు" అంటే, ఆ సడలింపును కొట్టేయించడానికి మాత్రం ఒకటిన్నర దాటదు. ఈ రెండు పనులూ ఒకటే అనుకుని వెళ్లినవాళ్లకు నెలలు పోతాయి, ఒక్కోసారి ఏళ్లే పోతాయి.

ఎలా పోతాయో చూడాలంటే మట్టి కేసు చూడాలి. 2020 మార్చి 28న, లాక్‌డౌన్ మొదలైన తొలి రోజుల్లో, కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. రోడ్లు, పైపులైన్లలాంటి 'లీనియర్' ప్రాజెక్టుల కోసం మామూలు మట్టి తవ్వుకోవడానికి ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదంది. ఎంత మట్టి, ఎంత విస్తీర్ణంలో, ఎంత లోతున అన్నది అందులో లేదు. లీనియర్ ప్రాజెక్టు అంటే ఏమిటో నిర్వచనమూ లేదు. దాని మీద కేసు ఎన్జీటీకి వెళ్లింది. 2020 అక్టోబరు 28న ట్రిబ్యునల్ చెప్పింది ఇంతే: మూడు నెలల్లో శాఖ ఈ నోటిఫికేషన్‌ను మళ్లీ పరిశీలించాలి. రద్దు లేదు. అక్కడినుంచి సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్తే, నోబుల్ ఎం. పైకడ కేసుగా 2024 మార్చి 21న తీర్పు వచ్చింది, మినహాయింపు కొట్టేశారు. మధ్యలో మూడేళ్ల అయిదు నెలలు. ఈలోగా తవ్వేసిన గుట్టలు తీర్పు రాగానే తిరిగి లేవవు కదా.

ట్రిబ్యునల్ ఎందుకు అంతటితో ఆగుతుందంటే, దాని అధికారాలకు గీసిన గీతే అలాంటిది. తూత్తుకుడి స్టెరిలైట్ రాగి ఫ్యాక్టరీ కేసులో సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 18న దాన్ని తేల్చి చెప్పింది: హైకోర్టులకు రాజ్యాంగం 226వ అధికరణం కింద ఉన్నలాంటి సాధారణ న్యాయసమీక్షాధికారం, అంటే చట్టాలు, నిబంధనలు చెల్లుతాయో లేదో తేల్చే అధికారం, ఎన్జీటీకి లేదు. చట్టాన్నో, చట్టం కింద వచ్చిన నిబంధననో కొట్టేయాలంటే హైకోర్టుకు వెళ్లాలి, లేదంటే 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు. "ఎన్జీటీ ఉండగా ఇక్కడికెందుకు వచ్చారు" అని ఎదుటి పక్షం హైకోర్టులో తప్పకుండా అంటుంది. మధ్యప్రదేశ్ హైకోర్టు న్యాయవాదుల సంఘం కేసులో 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును దానికి జవాబుగా రిట్ (హైకోర్టులో వేసే పిటిషన్) మొదటి పేజీల్లోనే పెట్టాలి. ఎన్జీటీ చట్టం వచ్చినంత మాత్రాన హైకోర్టు అధికారం పోలేదని అందులో స్పష్టంగా ఉంది.

కాబట్టి చేతిలో ఉన్న కాగితం ఏమిటో ముందు చూసుకోవాలి. ఫలానా కంపెనీకి, ఫలానా సర్వే నంబర్లలో అనుమతి ఇస్తున్నామన్న లేఖ అయితే ఎన్జీటీ. గెజిట్‌లో ఎస్.ఓ. లేదా జి.ఎస్.ఆర్. నంబరుతో వచ్చిన నోటిఫికేషన్ అయితే హైకోర్టో, సుప్రీంకోర్టో. రాష్ట్ర ప్రభుత్వం రక్షణనే ఎత్తేస్తూ ఇచ్చిన జీవో అయితే హైకోర్టు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 84 గ్రామాలకు 1996 నాటి జీవో 111 పెట్టిన ఆంక్షలను సడలిస్తూ 2022లో వచ్చిన జీవో 69 ఈ కోవలోదే. ఆఫీస్ మెమోరాండంలు, అంటే గెజిట్‌లోకి ఎక్కకుండా శాఖ జారీ చేసే మెమోలు, మధ్యరకం. గెజిట్ నోటిఫికేషన్ చెప్పినదాన్ని మెమోతోనో, సర్క్యులర్‌తోనో మార్చడం కుదరదని 2020 ఏప్రిల్ 1న అలెంబిక్ ఫార్మా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మొదలైంది ఎన్జీటీలోనే. అంటే మెమో ఆధారంగా ఒక ప్రాజెక్టుకు అనుమతి వస్తే, ఆ అనుమతి మీద వేసే అప్పీలులోనే మెమోను కూడా ఎత్తిచూపొచ్చు.

ఇక ఎన్జీటీ బాగా చేసే పని దగ్గరికి వద్దాం. పరిహారం అడగకపోతే ఫీజు 1,000 రూపాయలు. పరిహారం అడిగితే అడిగిన మొత్తంలో ఒక శాతం, అదీ వెయ్యికి తగ్గకుండా. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నై బెంచి కిందికే వస్తాయి, చేపాక్‌లోని కలస్ మహల్ భవనం. ఫైలింగ్ ఆన్‌లైన్‌లో చేయొచ్చు, వాదనలు వీడియోలోనూ వినిపించొచ్చు కనుక ప్రతి వాయిదాకూ రైలెక్కక్కర్లేదు. జడ్జి పక్కన నిపుణ సభ్యుడు కూర్చుంటాడు. భూగర్భజలాల లెక్కో, గాలి నమూనా ఫలితాలో అర్థం చేయించడానికి సగం రోజు పట్టదు. సివిల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్యాల చట్టం ఇక్కడ అక్షరాలా వర్తించవు. వర్తించవు కదా అని కాగితాలు ఎలాపడితే అలా వేస్తే మాత్రం రిజిస్ట్రీ వెనక్కి పంపుతుంది. పేజీ నంబర్లు, ఇండెక్స్, చదవడానికి వీలైన జిరాక్సులు, అఫిడవిట్, తెలుగు పత్రాలన్నిటికీ ఇంగ్లీషు అనువాదం ఉండాలి. ప్రజాభిప్రాయ సేకరణలో గ్రామస్థులు తెలుగులో ఇచ్చిన అభ్యంతరాలు, పేపరు ప్రకటనలు అనువాదం లేకుండా వెళ్లి డిఫెక్ట్ మెమోతో తిరిగి రావడం మామూలే.

అసలు దెబ్బ తగిలేది గడువు దగ్గర. అనుమతి మీద అప్పీలు సెక్షన్ 16 కింద వేయాలి, 30 రోజుల్లో. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. అది దాటితే కారణం ఎంత గట్టిదైనా ట్రిబ్యునల్‌కు మన్నించే అధికారమే లేదు. అనుమతి లేఖ జూన్ 1న పరివేశ్ పోర్టల్‌లోకి, అంటే పర్యావరణ అనుమతుల కోసం కేంద్రం నడిపే వెబ్‌సైట్‌లోకి, ఎక్కిందనుకోండి. జులై 1 లోపు వేస్తే ఏ గొడవా లేదు. ఆగస్టు 30 లోపు వేస్తే ఆలస్యాన్ని మన్నించమని విడిగా ఒక ఐఏ (మధ్యంతర దరఖాస్తు), అందులో ఏ రోజు ఎందుకు పోయిందో లెక్క. ఆగస్టు 31న తీసుకెళ్తే, తలుపు మూసేసినట్టే.

గడువు ఎప్పటినుంచి లెక్కించాలి? "మాకు తెలిసిన రోజు నుంచి" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అనుమతి వచ్చాక దాన్ని శాఖ వెబ్‌సైట్‌లో పెట్టాలి, కంపెనీ ఏడు రోజుల్లో రెండు స్థానిక పత్రికల్లో ప్రకటించాలి (ఒకటి స్థానిక భాషలో), పంచాయతీకి, ఇతర కార్యాలయాలకు ప్రతులు వెళ్లాలి. వీటిలో ఏది ముందు జరిగితే అక్కడినుంచే లెక్క అని, గుజరాత్‌లో ఒక గ్రామ పంచాయతీ సున్నపురాయి గని మీద వేసిన కేసులో 2025లో సుప్రీంకోర్టు తేల్చింది. పంచాయతీ నోటీసు బోర్డు మీద కాగితం అంటించే రోజు కోసం ఎదురుచూడకూడదు. పరివేశ్‌లో ప్రతిపాదన నంబరు రాసిపెట్టుకుని వారానికోసారి చూస్తుండాలి. నిపుణుల కమిటీ సమావేశం మినిట్స్ పడ్డాయంటే లేఖ దగ్గర్లోనే ఉందని అర్థం.

ఇంకో ఉచ్చు ఆర్టీఐ. పది రూపాయలు కట్టి ఫైలు నోటింగ్‌లు అడగడం మంచిదే. కానీ జవాబుకు చట్టం ఇచ్చే గడువూ 30 రోజులే, అప్పీలు గడువూ 30 రోజులే. ఆర్టీఐ జవాబు వచ్చాక కేసు వేద్దామని కూర్చుంటే మొదటి గడువు దాని కింద నలిగిపోతుంది. పరివేశ్‌లో దొరికిన ఫారాలు, ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నివేదిక, మినిట్స్, అనుమతి లేఖలతో ముందు అప్పీలు పడేయాలి. ఆర్టీఐలో వచ్చినవి తర్వాత అదనపు పత్రాలుగా దాఖలు చేసుకోవచ్చు.

అనుమతి లేకుండానే పని సాగుతుంటే సెక్షన్ 14 దరఖాస్తు. దానికి ఆరు నెలలు, మీద 60 రోజులు. ఆ ఆరు నెలలూ వివాదానికి కారణం *మొదటిసారి* పుట్టిన రోజు నుంచి. కాలుష్యం ఇవాళ్టికీ కొనసాగుతోంది కదా అంటే ఆ మాట అడ్డుపడుతుంది. పరిహారానికి, నష్టాన్ని సరిచేయించడానికి సెక్షన్ 15, అక్కడ అయిదేళ్లు. రాయలసీమ ఎత్తిపోతల కేసు ఈ దారిలో ట్రిబ్యునల్ సత్తా చూపించింది. పాత ప్రాజెక్టులకే నీళ్లిస్తున్నాం, కొత్త ఆయకట్టు లేదు, కాబట్టి అనుమతి అక్కర్లేదన్న వాదనను చెన్నై బెంచి 2020 అక్టోబరు 29న ఒప్పుకోలేదు, ముందస్తు అనుమతి తప్పదంది. అదే ఏడాది మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకైతే మర్నాడే ఎన్జీటీ తనంతట తాను కేసు తీసుకుని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. ఇలా సుమోటోగా తీసుకునే అధికారం దానికి ఉందని సుప్రీంకోర్టు 2021లో ఖాయం చేసింది.

లోపాలూ చిన్నవి కావు. సంయుక్త కమిటీ వేయడం, దాని నివేదిక రాగానే అదే తీర్పుగా రాసేయడం ఇక్కడ పాత అలవాటు. తేల్చాల్సిన పనిని కమిటీకి అప్పగించేయకూడదని 2022లో, అవతలి పక్షం మాట వినకుండా ఏకపక్షంగా ఉత్తర్వులివ్వడం తగదని 2024 జనవరిలో సుప్రీంకోర్టు మందలించింది. గెలిచినవాళ్లకు ఇది పనికొచ్చే హెచ్చరిక: కమిటీ నివేదిక మనకు అనుకూలంగా వచ్చినా, దాని మీద అభ్యంతరాలు చెప్పుకొనే అవకాశం ఎదుటివాళ్లకు ఇచ్చినట్టు రికార్డులో ఉండేలా చూసుకోవాలి, లేకపోతే పైకోర్టులో కేసు మొదటికొస్తుంది. చట్టం ప్రకారం కనీసం పదిమంది న్యాయ సభ్యులు, పదిమంది నిపుణ సభ్యులు ఉండాలి. ఆ కనీసం ఏళ్ల తరబడి నిండలేదు. వన్యప్రాణి రక్షణ చట్టం ఎన్జీటీ జాబితాలోని ఏడు చట్టాల్లో లేనే లేదు. అభయారణ్యం సంగతైతే వేరే తలుపు తట్టాలి.

మళ్లీ సడలింపుల దగ్గరికొస్తే, పైకోర్టుల్లో నెగ్గిన వాదనలు పెద్ద పెద్ద సిద్ధాంతాలేమీ కావు. పర్యావరణ పరిరక్షణ నిబంధనలు 1986లో 5(3) ప్రకారం ముసాయిదా ప్రచురించి 60 రోజులు అభ్యంతరాలు తీసుకోవాలి. 'ప్రజా ప్రయోజనం' దృష్ట్యా దాన్ని 5(4) కింద దాటేయొచ్చు. మట్టి కేసులో దాటేశారు, ఎందుకన్న కారణం మాత్రం లేదు. ఆ లోటే పట్టుకున్నారు. కాబట్టి గెజిట్‌లో పీఠిక చదవాలి: ముసాయిదా తేదీ ఉందా, లేకపోతే 5(4) ప్రస్తావన ఉందా, ఉంటే కారణం రాశారా. ముసాయిదా దశలోనే ఉంటే 60 రోజుల్లో అభ్యంతరం ఈమెయిల్ చేసి, పంపిన ప్రతి దాచుకోవాలి. రెండో వాదన, మినహాయింపుకు హేతువు లేకపోవడం. 2025 జనవరి 29 నోటిఫికేషన్ ఇండస్ట్రియల్ షెడ్లు, స్కూళ్లు, కాలేజీలు, హాస్టళ్లను అనుమతి నుంచి తప్పించింది. ఆగస్టు 5న సుప్రీంకోర్టు ఈ మినహాయింపు ఇచ్చిన ఆ ఒక్క నోట్‌ను (వివరణ వాక్యాన్ని) కొట్టేసి, మిగతా నోటిఫికేషన్‌ను ఉంచింది. 20 వేల చదరపు మీటర్లు దాటిన కట్టడం బడి అయినంత మాత్రాన పర్యావరణం మీద ప్రభావం తగ్గదు మరి. ఆ కేసులో ఫిబ్రవరి 24నే స్టే దొరికింది. మట్టి కేసుతో పోల్చి చూడండి, స్టే ఉన్నదానికీ లేనిదానికీ తేడా తెలుస్తుంది. పిటిషన్ చివర కోర్టును కోరే ప్రార్థనలో "మొత్తం నోటిఫికేషన్ రద్దు" అని మాత్రమే రాయకుండా, ఏ క్లాజు, ఏ నోట్ అన్నది విడిగా, ప్రత్యామ్నాయంగా అడగడం కూడా ఇక్కడ నేర్చుకోవాల్సిందే.

గెలుపు చేతికొచ్చాక కూడా జారొచ్చు. ముందు కట్టేసి తర్వాత అనుమతి తీసుకునే పద్ధతిని, అంటే 2017 నోటిఫికేషన్‌ను, 2021 మెమోను, వనశక్తి కేసులో సుప్రీంకోర్టు 2025 మే 16న కొట్టేసింది. నవంబరు 18న ముగ్గురు జడ్జీల బెంచి 2-1తో ఆ తీర్పునే వెనక్కి తీసుకుంది. సమాన బలం ఉన్న పాత బెంచీల తీర్పులను మే తీర్పు పట్టించుకోలేదన్నది ఒక ప్రధాన కారణం. సడలింపు మీద రిట్ రాసేటప్పుడు మనకు ఎదురొచ్చే, తర్వాత తీసుకునే అనుమతిని కొన్ని సందర్భాల్లో ఒప్పుకున్న ఎలక్ట్రోస్టీల్, పహ్వా ప్లాస్టిక్స్‌లాంటి తీర్పులను దాచిపెట్టకుండా మనమే ఎత్తి, ఇవి ఈ కేసుకు ఎందుకు వర్తించవో రాయాలి.

ఎన్జీటీ నుంచి "మళ్లీ పరిశీలించండి" అన్న ఉత్తర్వు ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లకు సెక్షన్ 22 కింద సుప్రీంకోర్టుకు అప్పీలు గడువు 90 రోజులు. శాఖకు ఇచ్చిన మూడు నెలలు అయ్యేదాకా చూద్దామనుకుంటే ఈ 90 రోజులూ అప్పటికే అయిపోతాయి.